ఆర్డరు ఎక్కడ పుడుతుంది? విజయ్ దివస్ సందర్భంగా విజయనగరంలో చేసిన ప్రసంగం

సభకు నమస్కారం. పెద్దలకు, మాజీ సైనికులకు, ముందు వరుసలో యూనిఫాంలో కూర్చున్న ఎన్‌సీసీ పిల్లలకు.

ముందు మిమ్మల్నే ఓ ప్రశ్న అడుగుతాను. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు మన సాయుధ దళాల సర్వసైన్యాధిపతి ఎవరు? మానెక్‌షా అంటున్నారెవరో. వెనకనుంచి ఇందిరాగాంధీ అని వినిపించింది. కాదు బాబూ. వరాహగిరి వెంకటగిరి. మన వి.వి. గిరి గారు. బరంపురంలో పుట్టి, 1937లో బొబ్బిలి రాజాగారిని బొబ్బిలిలోనే ఎన్నికల్లో ఓడించి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళి, 1957లో పార్వతీపురంలో ఓడిపోయిన మనిషి. రైల్వే కార్మికుల సంఘాలు నడిపిన మనిషి. 1971లో ఆయన రాష్ట్రపతి. రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం రక్షణ దళాల అత్యున్నత ఆధిపత్యం రాష్ట్రపతిదే. డిసెంబరు 3 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన వెలువడింది ఆయన పేరు మీదే.

అయితే గిరి గారు ఏ రెజిమెంటునూ ఎక్కడికీ కదపలేదు. కదపమని ఎవరూ ఆయన్ని అడగలేదు కూడా. మంత్రిమండలి సలహా మీద సంతకం పెట్టడమే ఆయన పని. మరి ఆర్డరు ఎక్కడ పుట్టింది? ఎవరి చేతుల మీదుగా మేఘనా నది ఒడ్డున ఉన్న సిపాయి దాకా వెళ్ళింది? ఈ సాయంత్రం నేను మాట్లాడేది దీని గురించే. యుద్ధంలో ఎవరెంత ధైర్యంగా పోరాడారో ఏటా వింటూనే ఉంటాం. ఎవరి మాట ఎవరు వినాల్సి వచ్చిందన్నది మాత్రం మన సభల్లో పెద్దగా చెప్పుకోం. నా దృష్టిలో ఆ యుద్ధంలో సగం కథ అందులోనే ఉంది.

మొదట ఢిల్లీ. 1971 మార్చి 25 రాత్రి, అప్పటి తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఢాకాలో పాకిస్తాన్ సైన్యం జనం మీద పడింది. శరణార్థులు బెంగాల్‌కి, త్రిపురకి, అస్సాంకి, మేఘాలయకి వచ్చి పడ్డారు. ఏడాది చివరికి వాళ్ళ సంఖ్య కోటి దాకా చేరింది. ఏప్రిల్‌లోనే సైన్యాన్ని పంపాలన్న ఒత్తిడి వచ్చింది. ఆర్మీ చీఫ్ మానెక్‌షా మంత్రుల ముందే కాదన్నారనీ, కావాలంటే రాజీనామా చేస్తానన్నారనీ ఓ కథ ఉంది. ఆయన చెప్పిన ప్రతిసారీ అందులో కాస్త మసాలా పెరుగుతూ వచ్చింది. అప్పట్లో తూర్పు కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జేకబ్ మాత్రం, ఇప్పుడు కుదరదని ముందుగా చెప్పింది తానే అంటారు. ఎవరు చెప్పినా కారణాలు మాత్రం గట్టివి. కొద్ది వారాల్లో వానలు. తూర్పు బెంగాల్ అంటే నదులే. ఆ నదులు పొంగితే ట్యాంకులు కాదు కదా మనిషి నడవడానికే దారి ఉండదు. అదే డిసెంబరు అయితే నేల ఆరుతుంది. పైగా హిమాలయాల కనుమలు మంచుతో మూసుకుంటాయి, చైనా దిగడం కష్టమవుతుంది. ఈలోగా ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కూడా కుదిరింది.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటి చెబుతాను. ఏం సాధించాలన్నది ప్రభుత్వం తేల్చింది. ఎప్పుడు, ఎలా అన్నది సైన్యం చెప్పింది. ఒకరి పనిలో మరొకరు వేలు పెట్టలేదు. ఇది వినడానికి మామూలుగానే ఉంటుంది. కానీ తొమ్మిదేళ్ళ కిందట, 1962లో, చైనాతో యుద్ధంలో, ఇదే ఢిల్లీ దీనికి సరిగ్గా తలకిందులుగా నడిచింది. కొత్తగా పుట్టించిన నాలుగో కోర్‌కి, అంటే కొన్ని డివిజన్ల పెద్ద బలగానికి, అధిపతిగా వెళ్ళిన జనరల్ బి.ఎం. కౌల్ సరిహద్దులో జబ్బుపడి ఢిల్లీకి వచ్చేశారు. వచ్చి, ఇంట్లో మంచం మీద నుంచే కొన్నాళ్ళు కోర్‌ని నడిపారు. యుద్ధవిమానాలు ఉండీ వాటిని పోరాటానికి దింపలేదు. ఏ కొండ మీద ఏ పోస్టు పెట్టాలన్నది కూడా రాజధానిలో నిర్ణయమయ్యేది. దాని ఫలితం మీ అందరికీ తెలుసు.

1965లో కొంచెం మెరుగు. సెప్టెంబరు 1న ఛంబ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు దూసుకొస్తుంటే ఆర్మీ చీఫ్ చౌధురి, ఎయిర్ మార్షల్ అర్జన్ సింగ్ కలిసి రక్షణ మంత్రి చవాన్ దగ్గరికి వెళ్ళారు. చవాన్ అక్కడికక్కడే సరే అన్నారు. ఆ సాయంత్రమే పఠాన్‌కోట్ నుంచి విమానాలు లేచాయి. నిర్ణయం త్వరగానే వచ్చింది, కానీ కింద నేల మీద ఉన్నవాళ్ళకీ పైన ఎగురుతున్నవాళ్ళకీ మధ్య ముందస్తు ఏర్పాటు సరిగా లేదు. ఆ మసక వెలుగులో మన బలగాల మీద కూడా దాడి జరిగింది. నౌకాదళాన్నయితే ఆ యుద్ధంలో దాదాపు పక్కన కూర్చోబెట్టారు.

ఇప్పుడు అసలు చిక్కు. బ్రిటిషు వాళ్ళ కాలంలో మొత్తానికి ఒకడే కమాండర్ ఇన్ చీఫ్. వైస్రాయి తర్వాత అంతటివాడు. స్వతంత్రం వచ్చాక మన నాయకులు ఆ పదవిని మూడు ముక్కలు చేశారు. 1955లో కమాండర్ ఇన్ చీఫ్ అన్న పేరే తీసేసి ఆర్మీకి, నేవీకి, ఎయిర్ ఫోర్స్‌కి ముగ్గురు చీఫ్‌లను సమానంగా పెట్టారు. పక్కనున్న పాకిస్తాన్‌లో 1958లో సైన్యమే పగ్గాలు లాక్కోవడం చూశాక ఆ జాగ్రత్త తప్పని నేను అనను. కానీ దానికి మూల్యం ఉంది. పెళ్ళివారింట్లో వంటవాళ్ళకి ముగ్గురు పెద్దలు మూడు వైపుల నుంచి పురమాయిస్తే విస్తళ్ళు వేసే వేళకి ఏమవుతుందో మన ఆడవాళ్ళకి బాగా తెలుసు. చీఫ్‌ల కమిటీ ఒకటి ఉండేది. ముగ్గురిలో సీనియర్ దానికి ఛైర్మన్. 1971లో ఆ ఛైర్మన్ మానెక్‌షా. ఛైర్మనే కానీ నౌకాదళాధిపతి నందాకి గానీ, వైమానిక దళాధిపతి పి.సి. లాల్‌కి గానీ ఆర్డరు వేసే అధికారం ఆయనకి లేదు. అడగొచ్చు, ఒప్పించొచ్చు, నవ్వించొచ్చు. మూడోది ఆయనకి బాగా వచ్చు.

తూర్పున ఇది ఇంకా విచిత్రంగా ఉండేది. ఒకే శత్రువు మీద ఒకే యుద్ధం. కానీ ఆర్మీ తూర్పు కమాండ్ కోల్‌కతాలో ఫోర్ట్ విలియంలో, లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా కింద. వైమానిక దళ తూర్పు కమాండ్ షిల్లాంగ్‌లో, ఎయిర్ మార్షల్ దివాన్ కింద. నౌకాదళ తూర్పు కమాండ్ మన విశాఖపట్నంలో, వైస్ అడ్మిరల్ కృష్ణన్ కింద. ముగ్గురూ ముగ్గురు వేర్వేరు చీఫ్‌లకి జవాబుదారులు. ఈ ముగ్గురి మీదా ఒకే అధికారి అంటూ ఢిల్లీ దాకా లేడు. ఢిల్లీలోనైనా ప్రధానమంత్రి, మంత్రిమండలి తప్ప యూనిఫాం వేసుకున్నవాడు లేడు.

మరి నడిచిందెలా? ఒకటి, ఎనిమిది నెలల టైం దొరికింది. అది చిన్న విషయం కాదు. రెండు, పి.సి. లాల్ 1965 పాఠాన్ని గట్టిగా పట్టుకున్నారు. షిల్లాంగ్‌లో ఉన్న వైమానిక కమాండ్‌కి ఒక ముందస్తు కార్యాలయాన్ని ఫోర్ట్ విలియంలోనే పెట్టించారు. అరోరా మనుషులు మెట్లు దిగి వెళ్ళి విమానాలు అడిగేంత దగ్గరలో. యుద్ధం మొదలైన మూడు నాలుగు రోజుల్లో ఢాకా దగ్గరి తేజ్‌గావ్ రన్‌వే పాడైపోయింది, ఆ తర్వాత తూర్పు ఆకాశంలో మనకి అడ్డే లేదు. మూడోది మనుషులు. ఒకరంటే ఒకరికి పడకపోయినా పని ఆపని మనుషులు ఆ ఏడాది ఆ కుర్చీల్లో ఉన్నారు. ఇది అదృష్టం. అదృష్టాన్ని వ్యవస్థ అని పిలవకూడదు.

విశాఖ సంగతి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, మనకి గంటన్నర దూరంలో జరిగింది కాబట్టి. తూర్పు నౌకా కమాండ్ అప్పటికి పసిబిడ్డ, 1968లో పుట్టింది. కృష్ణన్ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి విమానవాహక నౌక విక్రాంత్. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ తన పెద్ద జలాంతర్గామి ఘాజీని కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిప్పి బంగాళాఖాతంలోకి పంపింది. కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ల వైపు దాచేసి, అది మద్రాసు, విశాఖ దగ్గరే తిరుగుతోందన్నట్టు వైర్‌లెస్ సందేశాలు నడిపించారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ విక్రాంత్ వేషం కట్టింది. ఘాజీ విశాఖ వాకిట్లోకి వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల, అంటే నీళ్ళలో పేలే బాంబుల వల్ల, మునిగిందని మన నేవీ, తాను పరుస్తున్న మైనే పేలి మునిగిందని పాకిస్తాన్. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. నీళ్ళ మీద తేలిన శకలాలు ముందుగా దొరికింది మన జాలరులకే.

నాకు ఇందులో ముఖ్యమైంది వేరే. విక్రాంత్‌ని ఎక్కడ దాచాలి, ఏ అబద్ధం ఎలా ప్రచారం చెయ్యాలి అన్నది విశాఖలోనే తేలింది. ఢిల్లీ లక్ష్యం ఇచ్చి ఊరుకుంది. మర్నాటి నుంచి విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద పడ్డాయి, సముద్రం వైపు తలుపు మూసుకుపోయింది.

కానీ అదే తీరంలో అదే రెండు వారాల్లో ఇంకో సంగతి జరిగింది, దాన్ని విజయ్ దివస్ సభల్లో ఎవరూ చెప్పరు. యుద్ధం చివరి రోజుల్లో కాక్స్ బజార్ దగ్గర గూర్ఖా సైనికుల్ని ఓడల్లోంచి తీరానికి దింపాలని నిర్ణయించారు. పాకిస్తాన్ సైనికులు బర్మాలోకి పారిపోకుండా అడ్డుకోవడానికట. దిగే చోట ఇసుక తిన్నెలు, లోతు సరిగా చూడలేదు. పర్వతాల్లో పెరిగిన ఆ కుర్రాళ్ళకి సముద్రంలో దిగే సాధన దాదాపు లేదు. నౌకాదళానికి ఆ పల్టన్‌తో కలిసి పనిచేసిన అనుభవం లేదు. నడుముల్లోతు అనుకున్న చోట నీళ్ళు తల మీదకొచ్చాయి. శత్రువు ఒక్క తూటా కాల్చకుండానే సైనికులు మునిగి చనిపోయారు. తీరం మీద చూస్తే అక్కడ పాకిస్తాన్ వాళ్ళే లేరు. రెండు దళాలు కలిసి చెయ్యాల్సిన పనికి ఒక యజమాని లేకపోతే ఇలాగే ఉంటుంది.

ఇక నేల మీద. ఇక్కడున్న మాజీ సైనికులకి నేను చెప్పేదేం లేదు, పిల్లల కోసం గబగబా చెబుతాను. పది మంది ఒక సెక్షన్, మూడు సెక్షన్లు ఒక ప్లటూన్, అవి మూడైతే కంపెనీ, కంపెనీలు కలిసి సుమారు ఎనిమిది వందల మంది బెటాలియన్. మూడేసి బెటాలియన్లు బ్రిగేడ్, మూడేసి బ్రిగేడ్లు డివిజన్, కొన్ని డివిజన్లు కలిస్తే కోర్. మన పల్లెల్లో హవల్దారు, సుబేదారు అన్న మాటలు ఇంటిపేర్లలా పలుకుతాయి గానీ, ఆ సుబేదారు పైన ఎన్ని మెట్లున్నాయో ఇంట్లోవాళ్ళకి తెలీదు. అరోరా కింద మూడు కోర్‌లు. పడమట కృష్ణానగర్ నుంచి రైనా, ఉత్తరాన సిలిగురి నుంచి థాపన్, తూర్పున త్రిపుర వైపు నుంచి సగత్ సింగ్. ఈ మూడూ కాక మేఘాలయ వైపు నుంచి దిగిన చిన్న బలగం ఒకటి.

సగత్ సింగ్ గురించి ఆగి చెప్పాలి. మొదటి ఆదేశాల్లో ఢాకా పట్టుకోమని స్పష్టంగా లేదని జేకబ్ తర్వాత చాలాసార్లు చెప్పారు. సగత్ సింగ్‌కి ఇచ్చిన పని మేఘనా నది తూర్పు ఒడ్డు దాకా. ఆయన ఒడ్డుకి చేరేసరికి ఆశూగంజ్ దగ్గర వంతెనని పాకిస్తాన్ వాళ్ళు పేల్చేశారు. మేఘనా మన వంశధార లాంటిది కాదు, అవతలి ఒడ్డు కనిపించని చోట్లున్నాయి. పక్కనే వైమానిక దళం నుంచి గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ ఉన్నారు, ఆయన చేతిలో కొద్దిపాటి ఎంఐ-4 హెలికాప్టర్లు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. డిసెంబరు 9 నుంచి రాత్రింబవళ్ళు ఆ హెలికాప్టర్లు సైనికుల్ని నది దాటించాయి. పై కార్యాలయంలో దీనికి అభ్యంతరాలు లేచాయి. అప్పటికే పటాలం అవతలి ఒడ్డున ఉంది. 11న టాంగైల్ దగ్గర పారాచూట్ దళం దిగింది. ఢాకా చుట్టూ ఉచ్చు బిగిసింది.

ఇది చూసి, పైవాడి మాట దాటి వెళ్ళడమే గొప్ప అనుకోవద్దు పిల్లలూ. సగత్ సింగ్ దాటింది ఆదేశంలోని అక్షరాన్ని. యుద్ధం దేనికోసమో ఆయనకి తెలుసు. ఆ తెలియడం పైనుంచి కింది దాకా పారింది. అలా పారని చోట ఏమవుతుందో అవతలి పక్షం చూపించింది.

అవతల జనరల్ యాహ్యాఖాన్. ఆయనే దేశాధ్యక్షుడు, ఆయనే ప్రధాన మార్షల్ లా పాలకుడు, ఆయనే సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్. మనకి ముగ్గురు చీఫ్‌లుంటే వాళ్ళకి అన్నీ ఒక్కడే. కాగితం మీద చూస్తే వాళ్ళదే గట్టి వ్యవస్థ. నిజానికి ఏ పనీ ఒక్కడూ చూడలేదు. ఢాకాలో నియాజీ సైన్యాధిపతి, మాలిక్ గవర్నరు, ఆయన పక్కన సలహాదారుగా ఇంకో జనరల్ రావ్ ఫర్మాన్ అలీ. డిసెంబరు 10న ఫర్మాన్ అలీ ఐక్యరాజ్యసమితి ప్రతినిధికి కాల్పుల విరమణ ప్రతిపాదన ఒకటి అందించారు. అది న్యూయార్కు చేరేసరికి ఇస్లామాబాద్ నుంచి, మాకు సంబంధం లేదు అన్న మాట వచ్చింది. ఒక ఊళ్ళో ముగ్గురు పెద్దలు, పదహారు వందల కిలోమీటర్ల దూరంలో ఒక యజమాని, మధ్యలో మనదేశం. 14న మన మిగ్ విమానాలు గవర్నరు భవనం మీద రాకెట్లు వేస్తే మాలిక్ అక్కడికక్కడే రాజీనామా రాసి ఇంటర్ కాంటినెంటల్ హోటల్‌లో తలదాచుకున్నారు. 16 సాయంత్రం రమ్నా రేస్‌కోర్సులో నియాజీ సంతకం. ఖైదీలు 93 వేల మంది.

పదవులన్నీ ఒకడి చేతిలో పెట్టడం వేరు, ఒక పనికి ఒక మనిషిని బాధ్యుణ్ణి చెయ్యడం వేరు. మన దగ్గర ఉమ్మడి కమాండ్ గురించి వాదించేవాళ్ళు ఈ తేడా మర్చిపోతారు. వ్యతిరేకించేవాళ్ళు కూడా.

లొంగుబాటు పత్రంలో అరోరా హోదా ఎలా రాశారో చూడండి: తూర్పు రంగంలో భారత, బంగ్లాదేశ్ బలగాల అధిపతి. బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన ముక్తి వాహినికి ఒస్మానీ నాయకుడు, వాళ్ళకి పదకొండు సెక్టార్లు, సొంత ప్రభుత్వం. అయినా యుద్ధం నడిచినన్నాళ్ళు ఇద్దరి బలగాలకీ ఒక అధిపతి. ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో మన విజయనగరం చరిత్రలోనే ఉంది. 1758లో ఆనందరాజు గారు ఫ్రెంచివాళ్ళ మీద ఇంగ్లీషువాళ్ళని పిలిపించుకున్నారు. బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్ వచ్చాడు. చందుర్తి దగ్గర గెలిచారు కూడా. గెలిచాక ముందుకి కదలాల్సింది పోయి ఖర్చుల లెక్కల దగ్గర పేచీ పడి వారాలు పోగొట్టుకున్నారు. మచిలీపట్నం మీదకి వెళ్ళడం అంత ఆలస్యమైంది. ఎవరి సైన్యం వాళ్ళదే, ఎవరి ఖజానా వాళ్ళదే. ఆ స్నేహం మనకి చివరికి ఏం మిగిల్చిందో 1794లో అదే ఇంగ్లీషువాళ్ళతో పద్మనాభం దగ్గర జరిగిన యుద్ధంలో తెలిసింది. అది వేరే ఉపన్యాసం.

ఇప్పటి సంగతికి వస్తాను. 1999 కార్గిల్ తర్వాత సుబ్రహ్మణ్యం కమిటీ, మంత్రుల బృందం ఈ చిక్కునే మళ్ళీ ఎత్తిచూపాయి. మూడు దళాలకీ కలిపి ఒక ప్రధానాధికారి కావాలన్నారు. ఆ పదవి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ మొదటి సీడీఎస్, అంటే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, అయ్యారు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన పోయారు. మన చిత్తూరు జిల్లా కుర్రాడు సాయితేజ కూడా అందులోనే. ఆ తర్వాత ఆ కుర్చీ తొమ్మిది నెలలకి పైగా ఖాళీ. అంత అవసరమైన పదవి అన్ని నెలలు ఖాళీగా ఉన్నా బండి నడిచిందంటే, ఆ పదవికి అసలు పని ఇంకా అప్పగించలేదన్నమాట. అది నిజం కూడా. సీడీఎస్‌కి ముగ్గురు చీఫ్‌ల మీద గానీ, ఏ బలగం మీద గానీ సైనిక ఆజ్ఞాధికారం ఉండదని ఆ పదవి సృష్టించిన రోజే ప్రభుత్వం చెప్పింది.

మనకి మూడు దళాలకీ కలిపి 17 విడివిడి కమాండ్లు ఉన్నాయి. ఆర్మీవి ఏడు, ఎయిర్ ఫోర్స్‌వి ఏడు, నేవీవి మూడు. కలిసి పనిచేసేవి రెండు: 2001లో పెట్టిన అండమాన్ నికోబార్ కమాండ్, అణ్వాయుధాలు చూసే వ్యూహాత్మక దళాల కమాండ్. వీటిని కలిపి థియేటర్ కమాండ్లు చెయ్యాలన్నది ప్రతిపాదన. అంటే 1971 లాంటి యుద్ధం వస్తే కోల్‌కతా, షిల్లాంగ్, విశాఖ ఒక అధికారి కిందికి రావాలి. వైమానిక దళం దీనికి తటపటాయిస్తోంది. ఆ తటపటాయింపుని కొట్టిపారెయ్యకూడదు. వాళ్ళకి మంజూరైనవి 42 యుద్ధవిమానాల దళాలు, అంటే స్క్వాడ్రన్లు, ఉన్నవి అంతకంటే బాగా తక్కువ. ఉన్న కాసిని విమానాల్ని థియేటర్ల వారీగా పంచేస్తే, పడమట అవసరమైన రోజున తూర్పు కమాండర్ తన వాటా వదులుతాడా? 1971లో ఇలాంటి విమానాల్ని అటూ ఇటూ తిప్పగలిగింది అవి ఒక్క లాల్ చేతిలో ఉండబట్టే. నేను థియేటర్ కమాండ్లు కావాలనే అంటాను. కానీ విమానాల సంఖ్య పెంచకుండా పటం మీద గీతలు మార్చితే చాలదు.

నా లెక్కలో ఇప్పటిదాకా జరిగిన గట్టి పని 2023లో వచ్చిన చిన్న చట్టం. పత్రికల్లో లోపలి పేజీల్లో వచ్చి పోయింది. అంతకుముందు అండమాన్‌లో ఉమ్మడి కమాండ్ నడిపే నేవీ అధికారి, తన కిందే పనిచేసే ఆర్మీ జవాను మీద క్రమశిక్షణ చర్య తీసుకోలేకపోయేవాడు. ఆ జవానుది ఆర్మీ చట్టం, ఈయనది నేవీ చట్టం. ఫైలుతో పాటు మనిషిని కూడా మాతృదళానికి తిప్పి పంపాలి. సెలవూ శిక్షా ఇవ్వలేనివాడు యుద్ధంలో ఆర్డరేం ఇస్తాడు? ఇప్పుడు ఉమ్మడి సంస్థ అధిపతి ఏ దళం వాడైనా, కిందివాళ్ళు ఏ దళం వాళ్ళైనా, చర్య తీసుకునే అధికారం ఆయనకే ఉంది. 2024 మే నుంచి అమల్లోకి వచ్చింది.

శ్రీకాకుళం వైపు తెల్లవారుజామున హైవే పక్కన సెలక్షన్ల కోసం పరిగెత్తే కుర్రాళ్ళు రేపు పనిచేసేది ఈ కొత్త ఏర్పాటులోనే. వాళ్ళలో ఆర్మీ నంబరున్నవాడికి నేవీ అధికారి బాస్ కావచ్చు. మాజీ సైనికుల్లో కొందరికి ఇది మింగుడు పడటం లేదని నాకు తెలుసు. ఇందాక టీ దగ్గర ఒక సుబేదారు గారు నాతో గట్టిగానే వాదించారు. 71లో తూర్పు రంగంలో పనిచేసినవారు ఈ సభలో ఉంటే, ముందు వారు మాట్లాడాలి. మైకు అటు ఇవ్వండి బాబూ.